పెద్దింటి చేప

గురువారం ఉదయం ఏడున్నరకి ఇందు వంటింటి గుమ్మంలో చాప వేసుకుని కాగితాలు దిద్దుకుంటోంది. యూనివర్సిటీలో మానవశాస్త్రం ఎం.ఏ. రెండో ఏడు. సోమవారం సెమినార్లో ఇరాక్ ఉత్తరాన కొండల్లో ఉండే ఒక కుర్దు తెగ గురించి మాట్లాడాలి. లోపల తల్లి దుర్గాలక్ష్మి చింతపండు నానబెట్టి చేప కోసం ఎదురుచూస్తోంది. అనకాపల్లి స్టేషన్ వెనక ఈ అద్దె ఇంటికి వచ్చి పదకొండేళ్లయినా గురువారం చేప మాత్రం తప్పలేదు.

వాళ్ల పాలెం ఎలమంచిలి అవతల, సముద్రం ఒడ్డున. నూట అరవై గడపలు, నాలుగు ఇంటిపేర్లు. ఆ నాలుగు ఇంటిపేర్లవాళ్లూ ఒప్పుకున్నవాడే పెద్ద. ఇందు తండ్రి ఎర్రిబాబు పంతొమ్మిదేళ్లుగా పెద్ద. కూతురి చదువు కోసం టౌనుకి మారినా ప్రతి ఆదివారం వెళ్లి తగవులు తీర్చి వస్తాడు. దానికి జీతం ఉండదు. వారానికో మంచి చేప పెద్దింటికి పంపుతారు, అంతే. పెద్ద మీద నమ్మకం పోయిన రోజున అక్కడ ఎవరూ అరవరు. చేప రావడం ఆగిపోతుంది. ఎర్రిబాబు తాతల నాడు ఒకసారి అలా జరిగిందని చెప్పుకుంటారు.

ఎర్రిబాబు స్నానం చేసి, భుజం మీద తడి తువ్వాలుతో టీ గ్లాసు పట్టుకుని కూతురి పక్కన కూర్చున్నాడు. ఆమె చదివేది వినడం ఆయనకి ఇష్టం.

"ఏటమ్మా, నీ కొండోళ్లు ఏటి సేత్తన్నారు?"

"చలికాలమంతా ఊళ్లో ఉంటారు నాన్నా. ఎండలు రాగానే గొర్రెల్ని తోలుకుని కొండెక్కుతారు. ఆ పచ్చిక అందరిదీ. వాళ్ల పెద్దని ఆగా అంటారు."

"ఆగా ఏటి సేత్తాడు?"

"తగవులు తీరుస్తాడు. ఎవరు ఏ వాలులో మేపుకోవాలో చెబుతాడు. ఆయన ఇంటి ముందు పెద్ద గది ఉంటుంది, ఎవరొచ్చినా అక్కడ అన్నం పెట్టాలి. అందుకే మందలోంచి ఆయనకి వాటా ఇస్తారు."

ఎర్రిబాబు నవ్వాడు. "మనోళ్లే. గొర్రె బదులు కోనాం చేప. తర్వాతేటి, సదువు."

"తర్వాత సర్కారు వాళ్లొచ్చి ఈ నేల ఎవరి పేరున రాయాలని అడిగారు. పేరు రాయిస్తే పన్ను పడుతుందని, కొడుకుల్ని పటాలానికి పట్టుకుపోతారని చాలాచోట్ల జనం భయపడ్డారు. మా ఆగా పేరున రాసేయండి, ఆయన మావాడే కదా అన్నారు. అందరి నేలా కాగితం మీద ఒక్కడిదైపోయింది. కొన్నాళ్లకి ఆగాలు ఆ కాగితం చూపించి అమ్ముకున్నారు. తాతల నేల మీదే జనం కూలీలయ్యారు."

ఎర్రిబాబు గ్లాసు కింద పెట్టాడు. టీ ఇంకా సగం ఉంది.

"ఇక సాలమ్మా. జెరాక్సులు తీయించాలి. రేపు రిజిస్ట్రాఫీసులో పనుంది."

ఏం పని అని ఇందు అడిగేలోపే గేటు చప్పుడైంది.

కొర్లమ్మ వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, ఎర్రిబాబుకి పిన్ని వరస. పాలెం నుంచి ఆటో, ఎలమంచిలిలో బస్సు, మళ్లీ ఆటో. అంత దూరం మోసుకొచ్చిన గంప దించి, ఐసు మధ్య నుంచి మోచెయ్యంత కోనాం తీసి సింకులో పెట్టింది.

"ఏ గుంటా, సిక్కిపోనావేటి? పట్నంలో పుస్తకాలు కూరొండుకు తింటన్నావా?"

"నువ్వొస్తే తిందామని ఆగాను మామ్మా."

"మాటలు బాగా నేరిసేవు." కొర్లమ్మ ఎర్రిబాబు వైపు తిరిగింది. "పెద్దా, మన దిబ్బ మీద ఎవులో ఎర్రరంగు హద్దురాళ్లు పాతి ఎల్లేరు. ఆడోళ్లని వలలు ఆరేసుకోవద్దన్నారట. కుర్రోళ్లు పీకేత్తామంటే నానే ఆపేను. పెద్దకి తెలీకండా ఏదీ జరగదు, అడిగొత్తానని సెప్పేను."

దిబ్బ అంటే అలలందని ఇసకమెట్ట. పాలెం వలలన్నీ అక్కడే ఆరతాయి. ఆడవాళ్లు ఎండుచేపలు అక్కడే వేస్తారు. తుపాను వస్తే పడవలన్నీ దాని మీదకే లాగుతారు. అది పోతే పడవకి నిలబడే చోటు లేదు.

"సూద్దాంలే పిన్నీ," అన్నాడు ఎర్రిబాబు. ఆమె ముఖం చూడలేదు.

ఇందు తండ్రినే చూస్తోంది. రెండేళ్ల కిందట రీసర్వే రోజున తనూ దిబ్బ మీదే ఉంది. అందరిదీ అంటే కుదరదు, ఒక పేరు చెప్పండి, లేదంటే ప్రభుత్వ భూమి అని రాసేస్తాను అన్నాడు వచ్చిన ఉద్యోగి. జనం ఒకళ్ల ముఖాలొకళ్లు చూసుకున్నారు. ముందుగా అరిచింది ఈ కొర్లమ్మే. "మా పెద్ద పేరున రాయండి బాబూ." ఆ మాటకి ఆరోజు నాన్న కళ్లు తడిశాయి. నెల రోజులుగా కుర్దుల గురించి రాస్తూ కూడా తనకి అది గుర్తు రాలేదు.

ఫ్రిజ్ మీద నిన్న ఎవరో తెల్లచొక్కా ఆయన ఇచ్చి వెళ్లిన మిఠాయి డబ్బా ఉంది. అట్ట పెట్టెకి నెయ్యి కారి పసుప్పచ్చని మరకైంది. చీమలు పట్టాయి. దాని కింద ప్లాస్టిక్ కవరు. ఇందు లేచి కవరు లాగింది. వేళ్లకి నెయ్యి జిడ్డుగా అంటుకుంది. దిబ్బ అమ్మకపు పత్రం, చిత్తుప్రతి. కొనేది రొయ్యపిల్లల కంపెనీ. ఆమె ఒక వరుస పైకే చదివింది.

"నా స్వార్జితమైనదియు, ఇతరులకెవ్వరికిని ఎట్టి హక్కులు లేనిదియు..."

"అమ్మా, అదిలా తే," అన్నాడు ఎర్రిబాబు.

"స్వార్జితమంటే ఏంటో తెలుసా నాన్నా? నువ్వు సొంతంగా సంపాదించింది. దిబ్బని నువ్వు సంపాదించావా?"

"కాగితం మీద అలాగే రాత్తారు."

"కాగితం మీద నీ పేరు ఎలా వచ్చింది?"

ఎర్రిబాబు గొంతు పెంచాడు. "పంతొమ్మిదేళ్లు. మందిలో తన్నుకుంటే నడిమికెల్లి నానే దెబ్బలు తిన్నాను. తుపానొత్తే నానే ముందుండేను. ఏటి మిగిలింది నాకు? అద్దిల్లు. ఇదంతా ఎవులి కోసం? నిన్ను ఢిల్లీలో సదివించాలనే కదా."

"నా పేరు ఇందులోకి లాగకు." ఇందు కుళాయి తిప్పి చేతులు రుద్దుకుంటోంది. సబ్బు పెట్టింది, మళ్లీ పెట్టింది, జిడ్డు పోలేదు. "ఆ ఆగాల గురించి చదివినప్పుడు నాకు కోపం వచ్చింది నాన్నా. నిన్ను చూస్తే కోపం కూడా రావట్లేదు. అసహ్యంగా ఉంది."

దుర్గాలక్ష్మి కత్తిపీట ముందు కూర్చునే ఉంది. "మావా, ఆ రాళ్లు నువ్వేయించినవేనా?"

ఎర్రిబాబు కళ్లు దించుకున్నాడు.

"ఇన్నాళ్లూ ఈ చేప పొలుసు తీసేటప్పుడు నా మొగుడికి ఊరంతా దణ్ణం ఎడతందని మురిసిపోయేను." ఆమె కత్తిపీట మడిచి గోడకి జేరేసింది. "ఇయ్యాల ముట్టుకోడానికి రోతగుంది."

కొర్లమ్మ సింకు దగ్గరకి వెళ్లి కోనాం తీసింది. ఆకు పరిచి, ఐసుముక్కలు ఏరి సర్ది, చేపని మళ్లీ గంపలో పెట్టుకుంది. తొందరపడలేదు.

"పిన్నీ," అన్నాడు ఎర్రిబాబు.

"పెద్దింటికని తెచ్చేను బాబూ. ఇది మరి పెద్దిల్లు కాదు కదా."

గంప అడుగు నుంచి ఒక చిన్న కవరు తీసింది. అందులో రెండు కానాగంత చేపలు ఉన్నాయి. దుర్గాలక్ష్మి చేతికిచ్చింది. "ఇవి నా కూరకి ఉంచుకున్నవి. పాపకి పులుసెట్టు. గుంట పొద్దుట్నించి ఏటీ తిననట్టుంది."

గంప నెత్తికెత్తుకుని వెళ్లిపోయింది.

ఎర్రిబాబు గుమ్మంలోనే నిలబడ్డాడు. ఆవిడ తిట్టి ఉంటే ఎదురు చెప్పడానికి ఆయన దగ్గర మాటలున్నాయి. టీ గ్లాసులో మీగడ కట్టి, ఒక చీమ తేలుతోంది. దాన్ని చూసి ఆయనకి డోకు వచ్చింది. పెరట్లోకి వెళ్లి కక్కి, నోరు కడుక్కున్నాడు. తర్వాత పత్రమున్న కవరు తీసుకుని, చెప్పులైనా వేసుకోకుండా బయటికి నడిచాడు.

ఆర్టీసీ కాంప్లెక్సులో ఎలమంచిలి బస్సు కోసం నిలుచున్న కొర్లమ్మ దగ్గర గంప అందుకోబోయాడు.

"మోత్తావా? మొయ్యి," అందామె. "దాన్లో నీది ఏటీ లేదు."

"తెలుసు పిన్నీ."

ఆ మధ్యాహ్నం దిబ్బ మీద, నాలుగు ఇంటిపేర్ల వాళ్ల ముందు ఎర్రిబాబు జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఎర్రరాళ్లు తనే పీకాడు. ఎవరూ సాయానికి రాలేదు, ఎవరూ అడ్డుకోలేదు. చేతులు గీరుకుపోయి రక్తం వస్తే ఒకావిడ చెంబుతో నీళ్లిచ్చి వెళ్లింది. రెండు వారాల్లో దిబ్బని మత్స్యకారుల సంఘం పేరున రాసిచ్చాడు. కంపెనీకి అమ్మడానికి వెళ్లాల్సిన అదే అనకాపల్లి రిజిస్ట్రాఫీసులో. పాలెం ఇంకొకరిని పెద్దగా పెట్టుకుంది.

ఆ తర్వాత గురువారాలు చేప రాలేదు. దుర్గాలక్ష్మి అలవాటుగా చింతపండు నానబెట్టడం, గుర్తొచ్చి పారబోయడం. ఇందు తండ్రితో అవసరమైనంతే మాట్లాడేది. ఆయన మాత్రం ఆదివారం ఆదివారం పాలెం వెళ్తూనే ఉన్నాడు. తగవు తీర్చడానికి కాదు. ఎవరి పడవైనా ఒడ్డుకొస్తే పది మందితో పాటు భుజం పెట్టి నెట్టి, పలకరించకుండానే బస్సెక్కేవాడు.

నాలుగో గురువారం గేటు చప్పుడైంది.

కొర్లమ్మ లోపలికొచ్చి ఒక చిన్న కవరు గట్టు మీద పెట్టింది. నెత్తళ్లు. వెండిరేకుల్లా ఉన్న చిన్న చేపలు, రెండు గుప్పెళ్లకి మించవు.

"ఒరే ఎర్రీ," అంది. పెళ్లయ్యాక ఆయన్ని ఆ పేరుతో ఎవరూ పిలవలేదు. "మొన్న పడవ నెట్టినోళ్లందరికీ వాటాలేసేం. నీది తీసుకోకండా బస్సెక్కీసేవు. నీ వాటా ఎవుడు మోత్తాడురా? నా నడుం ఇరిగిపోయింది."

ఎర్రిబాబు కవరు అందుకున్నాడు. చాప మీద కూర్చుని తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదిలాయి. కొర్లమ్మ చూడనట్టు వంటింట్లోకి వెళ్లి దుర్గాలక్ష్మిని టీ అడిగింది.

ఇందు పళ్లెం తెచ్చి తండ్రి ఎదురుగా కూర్చుంది. నెత్తళ్లు పళ్లెంలో పోసి, ఒక్కొక్కటే తల గిల్లడం మొదలుపెట్టింది. కాసేపటికి ఆయనా చెయ్యి కలిపాడు.

"అమ్మా," అన్నాడు తలెత్తకుండానే, "ఆ ఆగాల్లో తిరిగిచ్చినోడు ఒక్కడైనా ఉన్నాడా?"

"నేను చదివినంతలో కనబడలేదు నాన్నా."

ఎర్రిబాబు తల ఊపాడు. ఇందు ఆయన చేతి మీద మానిన గీతల్ని చూసింది. తను తల గిల్లిన చేపల్ని ఆయన వైపుకి జరిపింది.

"ఇంకా వెతుకుతాను," అంది.