ముగ్గురూ ఓకే కొట్టిన కోడ్

"పన్నెండింటికి ఒక సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ రిలీజ్. ఆస్పత్రుల్లో డ్రిప్ పంపులన్నీ దాన్నే వాడతాయి. అందులో విదేశీ ముఠా ఏదో దాచింది," అన్నాడు చీఫ్.

నిన్ననే ఆపరేషన్ అయిన ఏజెంట్ అక్కకు అలాంటి పంపుతోనే మందు ఎక్కిస్తున్నారు.

"ఎవరైనా చదవగలిగే ఓపెన్ సోర్స్ కోడ్ కదా సార్. నలుగురూ చదివాకే కదా రిలీజ్ చేస్తారు?"

"ముగ్గురు రివ్యూయర్లూ ఓకే కొట్టేశారు. ఇప్పుడు ఆ ముగ్గురూ కాదంటేనే ఆగుతుంది. అక్కడ మేనేజర్ మన మనిషే."

పదకొండున్నరకల్లా ఏసీ మెకానిక్ వేషంలో అతను రివ్యూ ఆఫీసులో ఉన్నాడు. మేనేజర్ అందగత్తె. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

"ఏసీ చల్లగా రావట్లేదా మేడమ్?"

"వస్తోంది. చప్పుడే ఎక్కువ."

రహస్య సంకేతం సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది. "ప్రతి లైనూ చదివాను. ఏమీ లేదు. వెళ్లిపోండి."

అతను వెళ్లలేదు. "మీరు చదివారా?" అని గడ్డం రివ్యూయర్‌ని అడిగాడు.

"కళ్లజోడాయన చూశాడుగా."

"సీనియర్ గారి ఓకే ఉందిగా," అన్నాడు కళ్లజోడు.

"వాళ్లిద్దరూ ఓకే అన్నాక మధ్యలో నేను వేలు పెట్టడం ఏం బాగుంటుంది?" అన్నాడు సీనియర్, కాఫీ ఊదుకుంటూ. కళ్లజోడుతో కలిసి తమ సీట్లున్న పక్క గదిలోకి వెళ్లిపోయాడు.

ఛీ అనిపించింది ఏజెంట్‌కి. లోకమంతా వీళ్లను నమ్ముకుని కూర్చుంది, వీళ్లేమో ఒకరినొకరు నమ్ముకుని కూర్చున్నారు. స్క్రూడ్రైవర్ పిడిలోని స్కానర్‌ని కంప్యూటర్‌కి గుచ్చాడు. టెస్ట్ ఫోల్డర్లో పిల్లి ఫొటో ఒకటి ఉంది. తెరిస్తే పిల్లి లేదు, మందును పదింతల వేగంతో ఎక్కించే ప్రోగ్రాం ఉంది. ప్రతి లైనూ చదివిన ఏకైక మనిషికి అది కనబడలేదట.

వెనక్కి తిరిగాడు. మేడమ్ చేతిలో సైలెన్సర్ పిస్టల్ ఉంది.

చేతికందిన ఏసీ ఫిల్టర్ ఆమె మొహాన దులిపాడు. ఏళ్ల నాటి దుమ్ము. ఆమె ఉక్కిరిబిక్కిరవుతుండగా పిస్టల్ లాక్కున్నాడు. పదకొండూ యాభై తొమ్మిది. వివరించే టైమ్ లేదు.

"కాదు నొక్కండి," అన్నాడు గడ్డం రివ్యూయర్‌తో.

పిస్టల్ చూసి అతను నొక్కాడు. పక్క గదిలోకి వెళ్లిన మిగతా ఇద్దరి స్క్రీన్ల మీదా గడ్డం గారి 'కాదు' కనబడింది. ఎందుకని అడగకుండా, ఒక్క అక్షరం చదవకుండా వాళ్లూ 'కాదు' నొక్కేశారు. ఇంకా నాలుగు సెకన్లుండగా రిలీజ్ ఆగిపోయింది. అక్క బతికిపోయింది.

బేడీలు వేస్తుంటే మేడమ్ మొహంలో భయం లేదు, అవమానం ఉంది.

"రెండేళ్లు కష్టపడి దాచాను. మొదటి లైన్లోనే రాసేసి ఉన్నా సరిపోయేదన్నమాట."