కొరికిన మైనం

ఆ పళ్ల ఆసుపత్రి వెనకగదిలో పొద్దుగూకాక ఎవరూ నిలవరు. గోడ నిండా అరలు... అరల నిండా ప్లాస్టరుతో పోసిన నోటి అచ్చులు. ఆ నోళ్లవాళ్లలో సగం మంది ఇప్పుడు లేరు. రాత్రిళ్లు అవి నములుతాయని ఆసుపత్రి ఊడ్చే ముసలమ్మ ఒట్టేసి చెబుతుంది.

కట్టుడు పళ్లు చేసే డాక్టరమ్మ ఆ మాటకి నవ్వేసేది. ఆ నవ్వు ఆగిపోయిన రాత్రి సంగతి, విన్నది విన్నట్టు చెబుతున్నాను.

గడియారాలు బాగుచేసే పెద్దాయన ఒకరు పూర్తి పళ్లసెట్టు కోసం వస్తుండేవారు. మైనంలో గుచ్చిన పళ్లు నోట్లో పెట్టి కొరకమంటే చాలు, కింది దవడ ముందుకి తోసేవారు. రెండు వరసలూ ఎక్కడ కలవాలో తేలదు. అది తేలకపోతే ముఖమే మారిపోతుంది. నాలుగుసార్లు తిప్పించుకుందామె.

"నలభై ఏళ్లుగా ఈ దవడ మా ఆవిడకే లొంగలేదు తల్లీ, నీకేం లొంగుతుంది?" అనేవారాయన.

ఐదోసారి ఆయన రాలేదు. చీకటిపడే వేళకి భార్య వచ్చింది. గంట క్రితమే నిద్రలో పోయారట. బుగ్గలు పీక్కుపోయి ఎవరోలా ఉన్నారట. పొద్దున్నే మనవలు వచ్చేస్తారట.

"వాళ్లకి తాతయ్యని చూపించాలమ్మా... ఇతన్ని కాదు."

ఆవిడని ఇంటికి పంపేసి, డాక్టరమ్మ వెనకగదిలో ఒక్కతే కూర్చుంది. దవడలా ఆడే ఇనుప చట్రానికి ఆయన పళ్లవరసలు బిగించి, వెచ్చబెట్టి మెత్తబరచిన గులాబీరంగు మైనం మధ్యలో పెట్టింది. ఎక్కడ మూయాలి? వెంట్రుకవాసి తప్పినా పొద్దున అక్కడ పడుకునేది ఇంకెవరో...

మైనం కరిగించే దీపం తగ్గిద్దామని అటు తిరిగి, అలవాటుకొద్దీ గొణిగింది— "వెనక్కి పెదనాన్నగారూ... మెల్లగా కొరకండి."

టక్.

తిరిగి చూసేసరికి చట్రం మూసుకుని ఉంది. కింది వరస వెనక్కి జరిగి, నాలుగుసార్లూ దొరకని చోట కుదురుగా కూర్చుంది.

బరువుకి జారిందిలే... అని తనకి తానే సర్దిచెప్పుకుంది. పళ్లు పట్టుకుని ఆ ఇంటికి వెళ్లింది.

మంచం పక్కన వంగి, ఆయన పెదవి పైకెత్తింది— అలాగే ఆగిపోయింది.

బోసి చిగుళ్ల మీద గులాబీరంగు మైనం. వేలికి అంటుకుంది... ఇంకా వెచ్చగానే ఉంది.

మైనం తుడిచి, పళ్లు అమర్చింది. బుగ్గలు నిండాయి. పెదవులు చక్కగా కలిశాయి.

ఆయన భార్య ముందుకి జరిగి, ఆ ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత, పక్కగదిలో ఉన్న చుట్టాలకి వినపడకుండా డాక్టరమ్మతో మెల్లగా అంది—

"ఇదిగో... వచ్చారు."