బంగారు దండ గదిలో నవ్వు

నికిఫొరోస్ కాఫీ కప్పు మీదికి ఒరిగిపోయాడు. ఉదయం తొమ్మిది గంటలు. గ్రీసులోని థెస్సలొనీకీ సముద్రపు ఒడ్డున ఎండ కాస్తోంది. చుట్టుపక్కల వాళ్ళు కునుకు తీస్తున్నాడనుకున్నారు. ప్రాణం పోయిందనీ, చెవి లోపల సూదిమొనంత గాటు ఉందనీ డాక్టర్ చెప్పేసరికి మధ్యాహ్నమైంది.

"నీ పార్ట్‌నర్ కోసం తర్వాత ఏడుద్దువుగాని, క్లెయాంథిస్. ముందు పని చూడు," అంది గూఢచారి శాఖ చీఫ్ ఎవ్‌దోకియా. "దొంగ విగ్రహాల పెట్టెల్లో మన నౌకాస్థావరం మ్యాపులు దేశం దాటిస్తున్న ముఠా ఇది. వాళ్ళ నాయకుడి మొహం చూసినవాడు ప్రొఫెసర్ థ్రసీవులోస్ ఒక్కడే. రేపు పన్నెండుకి కోర్టులో సాక్ష్యం."

"అప్పటిదాకా గదిలో పెట్టి తాళం వేద్దాం మేడమ్."

"వింటేగా! తను తవ్వి తీసిన ఆ పురాతన బంగారు ఆకుల దండని చూడందే కోర్టు మెట్టెక్కడట. పదకొండున్నరకి మ్యూజియం. ఆ గదిలో గార్డు వేషంలో మన దనాయి ఉంటుంది."

"ఆ పని తనకి ఉగ్గుపాలతో వచ్చింది. వాళ్ళ నాన్న ముప్పై ఏళ్ళు అక్కడే గార్డు."

"ఆదివారం మీ ఇద్దరి పెళ్ళి కదూ? అందాకా బతికుండు."

మర్నాడు మ్యూజియంలో క్లెయాంథిస్‌ది టూరిస్టు వేషం: గడ్డి టోపీ, మెడలో కెమెరా, చేతిలో జపమాలలాంటి కొంబొలోయి. అందులో మూడో పూస ట్రాన్స్‌మిటర్. జేబులో పెళ్ళిలో పంచబోయే చక్కెర బాదంపప్పుల పొట్లం. దనాయి స్వయంగా కట్టింది, ఆనవాయితీ ప్రకారం లెక్కగా అయిదు.

"నువ్వుల కులూరి రొట్టె ఎక్కడ దొరుకుతుందండీ?" కోడ్ వాక్యం అన్నాడు.

"నిన్నటిదే ఉంది, పళ్ళు జాగ్రత్త," అంది గార్డు యూనిఫాంలో ఉన్న దనాయి. గొంతు తగ్గించి, "టోపీ ఎవరిచ్చారు బంగారం? దిష్టిబొమ్మలా ఉన్నావు," అంది.

కిటికీలోంచి ఎండ పడి దండలోని ఆకులు గాలి తగిలినట్టు మెరిశాయి. ఆదివారం ఆమె తలమీద పెళ్ళి కిరీటం ఇలాగే మెరుస్తుందనుకుని మురిసిపోయాడు.

ప్రొఫెసర్ కర్ర ఊనుకుంటూ వచ్చాడు. అదే సమయంలో ఒక విదేశీ అమ్మాయి తలలేని అఫ్రొదీతి దేవత పక్కన నడుం మీద చెయ్యి పెట్టి, అచ్చం విగ్రహంలా నిలబడింది. స్నేహితురాలు ఫోటో తీసింది.

దనాయి చూసింది. ముచ్చటగా నవ్వింది.

క్లెయాంథిస్ కూడా నవ్వబోయి ఆగిపోయాడు. విగ్రహాల ముందు పోజులంటే ఈ ఊరి గార్డులకి ఒళ్ళు మంట. రెండు గదుల అవతలినుంచైనా పరుగెత్తుకొచ్చి కసురుతారు. గార్డు కూతురైతే నిద్రలో కూడా కసురుతుంది. ఈమె నవ్వింది. అంటే ఆ నాన్న అబద్ధం. మరి మిగతాది?

"ఇది పెట్టుకోండి తాతయ్యా. మీ తవ్వకం కథే," అంటూ దనాయి ఆడియో గైడ్ అందించింది.

"నా కథ నాకే చెబుతుందా? విందాం," అని ముసలాయన ఇయర్‌ఫోన్ చెవి దాకా ఎత్తాడు.

చెవి! నికిఫొరోస్ చెవి!

కొంబొలోయి కొరడాలా గాలిలో లేచింది. ఇయర్‌ఫోన్ పాలరాతి మీద పడి టిక్కుమంది. అందులోంచి సూది బయటికొచ్చింది. దారం తెగి పూసలు గదంతా దొర్లాయి. దనాయి చెయ్యి పిస్టల్ మీదికి పోయేలోపే ఆ చెయ్యి విరిచి, వెనకనుంచి ఒడిసిపట్టాడు. ఆమె జుట్టులో ఎప్పటి నిమ్మపూల వాసనే.

"ఎలా దొరికాను?"

"నవ్వావు."

"నా నవ్వంటే నీకిష్టమేగా."

"అందుకే సరిగ్గా చూశాను."

 "పప్పులు మాత్రం నిజంగా లెక్కపెట్టే కట్టాను," అంది.

"నికిఫొరోస్‌కీ ఒక పొట్లం కట్టావా?"



విదేశీ అమ్మాయి స్నేహితురాలి కెమెరా వాళ్ళిద్దరి వైపు తిరిగి క్లిక్‌మంది. పక్క గదిలోంచి అసలైన గార్డు, లావుపాటి పొలిక్సేని, చెప్పులు టపటపలాడిస్తూ ఊడిపడింది.

"ఏమయ్యోయ్! దేవత ముందు జంటగా పోజులా? సిగ్గులేదూ? కదలండి!"

ఉద్యోగరీత్యా ఫోటోలు నిషిద్ధం. మూడేళ్ళ ప్రేమలో వాళ్ళిద్దరూ కలిసి దిగిన ఫోటో అదొక్కటే.