భోజనాల తర్వాత బాల్ బ్యాడ్మింటన్

"ఏమండీ, ఈ బండి మీదేనాండీ?"

గణేష్‌బాబు వెనక్కి తిరిగి చూశాడు. నేరేడుచెట్టు కింద తన బండి ఉంది. దాని చుట్టూ తెల్లటి ముగ్గుగీతలు ఉన్నాయి. గీతల చివర స్టీలు గిన్నె పట్టుకుని ఒకమ్మాయి నిలబడింది. గిన్నెలో ఎంత ముగ్గుపిండి ఉందో ఆమె ముక్కు మీదా దాదాపు అంతే ఉంది.

"నాదేనండి. ఏం, బండికి ముగ్గేస్తున్నారా?"

"కోర్టు గీస్తున్నానండి. బాల్ బ్యాడ్మింటన్ కోర్టు. మీ బండి సరిగ్గా మధ్యగీత మీదుంది. తీస్తారా, దాని మీదనుంచే గీసెయ్యమంటారా?"

తిట్టేటప్పుడు కూడా 'అండి' వదలని ఆ పిల్లను చూస్తే గణేష్‌బాబుకు ముచ్చటేసింది. అతనిది పెద్దాపురం. గౌతమీతీర యూనివర్సిటీలో ఎంబీఏ రెండో ఏడాది. అమ్మాయిలు తిడితే తల దించుకుని పోయే రకం కాదు. నిలబడి ఇంకో నాలుగు తినే రకం.

"ఇది పార్కింగండీ. నేను చేరినప్పట్నుంచీ పార్కింగే."

"మీరు చేరకముందు కోర్టేనండి. కరోనా వచ్చినప్పుడు జట్టు ఆపేశారు. కరోనా పోయింది, జట్టు రాలేదు, మీ బళ్ళొచ్చాయి."

ఇంతలో చెప్పాపెట్టకుండా వాన వచ్చి పడింది. ఆమె గబుక్కున గిన్నె మీద చున్నీ కప్పింది. గిన్నె తడవలేదు గానీ గీతలన్నీ పాలలా కారిపోయాయి. "అయ్యయ్యో" అంటూ గణేష్‌బాబు బండి తీయబోయి, ముగ్గునీళ్ళలో కాలు జారి చతికిలబడ్డాడు. నల్లప్యాంటు వెనకంతా తెల్లబడింది.

ఆమె పగలబడి నవ్వింది. "మధ్యగీత మీ మీద పడిందండీ!"

అంతే. ఆ నవ్వుతో అబ్బాయిగారి పని అయిపోయింది. ఆ సాయంత్రం హాస్టల్లో ఆ ప్యాంటు ఉతకడానికి కూడా మనసొప్పలేదు.

ఆమె పేరు దుర్గాశ్రీ. ఊరు నరసాపురం. ఎమ్మెస్సీ చివరి ఏడాది. ఇంట్లో ఆడవాళ్ళంతా లేసు అల్లుతుంటే, ఈవిడ మాత్రం చిన్నప్పట్నుంచీ రాకెట్టు పట్టుకుని తిరిగింది. పసుపుపచ్చ ఉన్ని బంతి, వైపుకి ఐదుగురు, బంతి కింద పడకుండా కొట్టడం. అదీ ఆట. స్కూల్లో ఆడింది, డిగ్రీలో ఆడింది. యూనివర్సిటీ తరఫున ఒక్కసారి ఆడాలని ఆశ. ఈ ఏడాది కాకపోతే ఆ ఆశ ఇక తీరదు.

ఇవన్నీ గణేష్‌బాబు వానలో నిలబడి కూపీ లాగాడు. తన గురించి ఒక ముక్క మాత్రం మింగేశాడు. స్పోర్ట్స్ కమిటీలో విద్యార్థుల తరఫు మెంబరు తనే. ఆ కోర్టులో రేకుల పార్కింగ్ షెడ్డు వేయమని అడిగిందీ తనే.

మింగింది ఎంతసేపు ఆగుతుంది? మర్నాడే కమిటీ మీటింగు. జట్టును మళ్ళీ పెట్టమని అడగడానికి దుర్గాశ్రీ వచ్చింది. బల్లకు అవతల రిజిస్ట్రార్ శివరామకృష్ణగారు, ఫిజికల్ డైరెక్టర్ ఎజ్రా సార్, వాళ్ళ పక్కన మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గణేష్‌బాబు కూర్చున్నారు.

"ఏవయ్యా గణేష్‌బాబూ, నీ షెడ్డు గొడవేంటో ముందు చెప్పు" అన్నారు రిజిస్ట్రారుగారు.

దుర్గాశ్రీ అతని వంక ఒక చూపు చూసింది. అంత ఘాటు మిరపకాయ బజ్జీలో కూడా ఉండదు.

"షెడ్డు అక్కర్లేదు సార్."

"నువ్వే కదయ్యా అడిగావు! వానకి బళ్ళు పాడవుతున్నాయన్నావు."

"బళ్ళకి వాన మంచిది సార్. దుమ్ము పోతుంది."

ఎజ్రా సార్ దగ్గు వచ్చినట్టు నటించి నవ్వు ఆపుకున్నారు. రిజిస్ట్రారుగారు కళ్ళజోడు తీసి దుర్గాశ్రీ వైపు తిరిగారు.

"నాకు ఆటల మీద కోపం లేదమ్మా. ఆడేవాళ్ళున్నారో లేదో తెలియకుండా జట్టెలా పెడతాం? కాకినాడ నుంచి ఓ మంచి టీముని పిలవండి. అందరం చూస్తాం. గెలిస్తే జట్టు. గెలవకపోతే షెడ్డు. బళ్ళకి వాన మంచిదైనా సరే."

బయటికొచ్చాక వరండాలో ఆమె అతన్ని ఆపింది. "కమిటీలో ఉన్నానని చెప్పలేదేంటండీ?"

"మీరు అడగలేదు కదండీ."

"అడక్కపోతే మీ ఇంట్లో అన్నం కూడా పెట్టరాండీ?"

"అబ్బే, మా ఇంట్లో అడక్కుండానే పెడతారండి. వద్దన్నా పెడతారు."

ఆమె నవ్వకూడదనుకుంది గానీ పెదవుల చివర నవ్వు కాస్త జారింది. అది అతను చూసేశాడు.

ఆ తర్వాత గణేష్‌బాబు మనిషే మారిపోయాడు. పొద్దున్నే లేచి కోర్టులో బళ్ళు తీయించాడు. నెట్టు సంపాదించాడు. ముగ్గు గిన్నె తనే పట్టుకున్నాడు. అతను గీసిన గీతలు ఏటిగట్టులా వంకర్లు పోయేవి. "అవుట్ అయినా ఇన్ అవుతుందండీ మీ గీతలో" అని ఆమె తిట్టేది. మీరు పోయి నువ్వు ఎప్పుడొచ్చిందో ఇద్దరూ గమనించలేదు.

అంతా బాగానే ఉంది గానీ, కాకినాడ నుంచి వచ్చేది కృపారాణి టీము అని తెలిసింది.

"ఆ పిల్ల కొడితే బంతి కనపడదు, చప్పుడొకటే వినపడుద్ది" అన్నారు ఎజ్రా సార్. మన టీములో దుర్గాశ్రీ తప్ప, ఆమె పోగుచేసిన మిగతా నలుగురూ నెల కిందట రాకెట్టు పట్టినవాళ్ళే.

ఆ సాయంత్రం దుర్గాశ్రీ నెట్టు పక్కన కూర్చుని ఉన్ని బంతిని చేతిలో తిప్పుతోంది. "ఓడిపోతే ఈ రాకెట్టు మా నానమ్మకిచ్చేస్తాను. దాని మీద అప్పడాలు ఆరబెట్టుకుంటుంది" అంది. నవ్వుతూనే అంది గానీ, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఆ కళ్ళల్లో నీళ్ళు చూడటం గణేష్‌బాబు వల్ల కాదు. రాకెట్టు పట్టడం తనకు రాదు. తన వంశానికి వచ్చిన విద్య ఒక్కటే. వెంటనే పెద్దాపురం ఫోన్ చేశాడు.

వాళ్ళ బాబాయి పెద్దిరాజు పెళ్ళిళ్ళకు వంటలు చేయిస్తాడు. మరిడమ్మ జాతరకు వచ్చిన చుట్టాలందరికీ పెట్టిన చెయ్యి అది.

"బాబాయ్, మ్యాచ్ మూడింటికి. కాకినాడ వాళ్ళకి ఒంటిగంటకి భోజనం. మన మర్యాద చూపించాలి."

"ఆయ్! చూపిద్దాం. ఎంతవరకు చూపించమంటావు?"

"విస్తరి ముందు నుంచి లేవకూడదు."

"అంతే కదా" అన్నాడు పెద్దిరాజు, ఎవరో మంచినీళ్ళు అడిగినంత తేలిగ్గా.

మ్యాచ్ రోజు రానే వచ్చింది. సెమినార్ హాల్లో అరిటాకులు పరిచారు. పులిహోర, గుత్తివంకాయ, కందబచ్చలి, ఆవడలు, నేతిలో మునిగిన బొబ్బట్లు, పూతరేకులు. కాజాకి పేరుపడ్డ కాకినాడ వాళ్ళ ముందే తాపేశ్వరం కాజా కూడా పెట్టాడు పెద్దిరాజు. ఎంత ధైర్యమో చూడండి.

కాకినాడ పిల్లలు ఐదుగురూ కూర్చున్నారు. గణేష్‌బాబు మీసాల్లో నవ్వుకున్నాడు. అప్పుడు కృపారాణి ఆకు మీద పెట్టిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మీరు కూర్చోరేంటండీ? మీరు నిలబడి చూస్తుంటే మేమెలా తింటామండీ?"

గణేష్‌బాబు గతుక్కుమన్నాడు. ప్లానంతా బానే వేశాడు గానీ, గోదావరి జిల్లాల్లో అతిథి ఒక్కడే తినడన్న సంగతి మర్చిపోయాడు వెర్రిబాగులవాడు.

"మాకు మ్యాచ్ ఉందండి" అంది దుర్గాశ్రీ.

"మాకు లేదాండీ? మీరు కూర్చుంటేనే ముద్ద ముట్టేది."

ఇక తప్పుతుందా! మన ఐదుగురూ కూర్చున్నారు. పిల్లలే కూర్చున్నారని ఎజ్రా సార్ కూర్చున్నారు. ఎజ్రా సార్ కూర్చున్నారని రిజిస్ట్రారుగారూ కూర్చున్నారు. పెద్దిరాజు నేతి గిన్నెతో బయల్దేరాడు. అతని భాషలో 'వద్దు' అంటే 'ఇంకొకటి'. 'చాలు' అంటే 'రెండు'. చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పోశాడు.

"బాబాయ్, మన వాళ్ళకి ఆపు" అని గణేష్‌బాబు చెవిలో బతిమాలాడు.

"తప్పురా! పంక్తిలో ఒకళ్ళకో రకం, ఇంకొకళ్ళకో రకమా? మన ఇంటావంటా ఉందా?"

మూడింటికి పదిమంది ఆటగత్తెలు కోర్టులోకి నడిచి వచ్చారు. నడిచారనడం కూడా ఎక్కువే. కామెంటరీ మైకు గణేష్‌బాబు చేతిలో ఉంది.

"దుర్గాశ్రీ సర్వీస్ చేశారు. బంతి వస్తోంది. కృపారాణిగారు బంతి వైపు చూస్తున్నారు. ఇంకా చూస్తున్నారు. బంతి కింద పడింది."

తర్వాత బంతి మన వైపు పడింది. దాన్ని తీయడానికి వంగేవాళ్ళు లేరు. "నువ్వు తియ్యవే" అంటే "నేను వంగితే లేవలేనే" అని ఇంకో పిల్ల. నెట్టు అవతల నుంచి కృపారాణి, "మేం తీద్దుమండీ, కానీ అది మీ వైపుంది" అని జాలిపడింది. ఇంకాసేపటికి బంతి వెళ్ళి రిజిస్ట్రారుగారి ఒళ్ళో పడింది. ఆయన కళ్ళు తెరవకుండానే "చాలయ్యా పెద్దిరాజూ, ఇంక పట్టదు" అన్నారు.

జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. దుర్గాశ్రీ నవ్వలేదు. విరామంలో రాకెట్టు ఊతంగా పట్టుకుని, మజ్జిగ పోస్తున్న పెద్దిరాజు దగ్గరకు వచ్చింది.

"ఇంత ఎందుకు పెట్టారు బాబాయ్‌గారూ?"

"మావాడే చెప్పాడమ్మా, కాకినాడ వాళ్ళు లేవకూడదని. నువ్వు గెలవాలని వాడి తాపత్రయం." మంచి మాట చెప్పానన్న సంతోషంతో ఆమెకు గ్లాసు నిండా మజ్జిగ పోశాడు.

ఆమె ఆ గ్లాసు పట్టుకుని నేరుగా గణేష్‌బాబు ముందుకు వచ్చింది. మొహం కందిపోయింది.

"నేను ఆడాలనుకున్నానండి. గెలిచినా ఓడినా ఆడాలనుకున్నాను. మీరు నన్ను ఆడనివ్వలేదు."

అండి మళ్ళీ వచ్చేసింది. గణేష్‌బాబుకు దానికంటే పెద్ద శిక్ష లేదనిపించింది. చేతిలో మైకుంది. మైకులోనే చెప్పేశాడు.

"అందరూ వినండి. తప్పు నాది. కాకినాడ వాళ్ళు పరిగెత్తలేకపోవాలని నేనే ఈ భోజనం పెట్టించాను. దుర్గాశ్రీకి తెలియదు. ఆమె దొంగాట ఆడే మనిషి కాదు. ఆమె ఏడిస్తే చూడలేక వెధవపని చేశాను. నాకు బాల్ బ్యాడ్మింటన్ అంటే ఇష్టం. అబద్ధం, నాకు దుర్గాశ్రీ అంటే ఇష్టం. చాలా ఇష్టం. ఆమె కోసమే బాల్ బ్యాడ్మింటన్ ఇష్టం."

కోర్టు చుట్టూ ఈలలు మోగాయి. దుర్గాశ్రీ చేతిలో మజ్జిగ తొణికి ముగ్గుగీత మీద పడింది.

రిజిస్ట్రారుగారు పూర్తిగా మేలుకున్నారు. ఆయన లేచి నిలబడటానికి ఇద్దరు సాయం పట్టారు. "ఇది మ్యాచ్ కాదు. లెక్కలోకి రాదు. గెలుపు లేదు కాబట్టి, నేను ముందే చెప్పినట్టు..."

"ఆగండి సార్!" కృపారాణి కోర్టు మధ్య నుంచి చెయ్యెత్తింది. అతిథి మాట్లాడితే ఆగాలి కదా, ఆయన ఆగారు.

"అతను ఎందుకు పెట్టినా, మేం తిన్నది తిన్నామండి. ఇంత తిని ఊరికే వెళ్ళిపోతే కాకినాడ పరువేం కావాలి? వచ్చే నెల మీ జట్టు మా ఊరు భోజనానికి రావాలి. మీరూ రావాలి సార్. ఆటా ఉంటుంది. మా వాళ్ళ చేతి కాజా ఎలా ఉంటుందో కూడా చూపిస్తాం."

పెద్దిరాజు కళ్ళు ఎర్రబడ్డాయి గానీ, ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

రిజిస్ట్రారుగారు ఇరుకున పడ్డారు. ఎజ్రా సార్ ఆయన చెవి దగ్గర వంగారు. "పిలిచిన భోజనానికి వెళ్ళకపోతే బాగోదు సార్. నలుగురూ ఏమనుకుంటారు?"

"వెళ్ళకపోవడమేంటయ్యా? వెళ్ళాలి."

"జట్టుని రమ్మన్నారు సార్. మనకి జట్టు లేదు."

రిజిస్ట్రారుగారు కోర్టుని చూశారు. షెడ్డు కొలతల కోసం వచ్చి నిలబడ్డ కాంట్రాక్టర్‌ని చూశారు. ఒకసారి పొట్ట నిమురుకున్నారు. "ఒకరింటి పిలుపు కాదనే అలవాటు మా ఇంట్లో లేదు. జట్టు ఉంది. ఈ క్షణం నుంచీ ఉంది. కానీ అక్కడ ఆట ముందు, భోజనం తర్వాత. ఆ కుర్రాణ్ణి మాత్రం వంటశాల దరిదాపుల్లోకి రానివ్వకండి!"

మన ఐదుగురూ ఎగిరి గంతేయబోయి, కుదరక, కూర్చునే ఒకరినొకరు వాటేసుకున్నారు.

మర్నాడు పొద్దున్నే గణేష్‌బాబు ఎప్పట్లాగే ముగ్గు గిన్నెతో కోర్టులో కూర్చున్నాడు. వెనక చెప్పుల చప్పుడు వినపడింది. తిరిగి చూసే ధైర్యం చాలలేదు.

"వంకర" అంది దుర్గాశ్రీ.

"చెరిపేసి మళ్ళీ గీస్తానండి."

"అండి ఏంటి?"

అతను తలెత్తాడు. ఆమె ముక్కు మీద ముగ్గు లేదు గానీ, బుగ్గలు రెండూ ఎర్రగా ఉన్నాయి.

"నిన్న నువ్వు మైకులో కూసిందంతా ఎవరో వీడియో తీశారు. నరసాపురం చేరిపోయింది. మా నానమ్మ వీరవేణి నాలుగుసార్లు చూసిందట."

గణేష్‌బాబు గిన్నె కింద పెట్టేశాడు. "ఏమంది?"

"ఆదివారం నిన్ను భోజనానికి తీసుకురమ్మంది."

"మరి నువ్వేమంటావు?"

"నేనా? నేను నీ పక్కనే కూర్చుంటాను. అతిథి ఒక్కడే తినకూడదు కదా." ఆమె గిన్నెలో వేలు ముంచి అతని ముక్కు మీద చుక్క పెట్టింది. "శనివారం నుంచీ ఏమీ తినకు. మా నానమ్మకి కూడా వద్దంటే వినపడదు."