చుక్కా, గీతా, కాస్త ఎడం

కృపారావు ఆ పెట్టెను పంటు పడవ మీద వైనతేయ గోదావరి దాటించి, బస్సు టాపు మీద అమలాపురం చేర్చి, భుజాన వేసుకుని లాజరు గారి అరుగు ఎక్కేసరికి వాన అందుకుంది.

అరుగు మీద ఓ బల్ల. బల్ల మీద పేగులు బయటపడ్డ రేడియో. దాని ముందు ఒక అమ్మాయి, కుంపట్లో కాలిన ఇనుముతో తీగకు మాటు వేస్తోంది.

"లాజరు మాస్టారున్నారాండీ?"

"నాన్నగారు భోంచేస్తున్నారండి. ఏమొచ్చిందండి సెట్టుకి?"

"ఆయనతోనే చెబుతానండి. కొంచెం టెక్నికల్ విషయం."

"ఆయ్," అంది ఆ అమ్మాయి.

కోనసీమలో ఆయ్ అంటే ఔనని. విన్నానని. అలాగేనండీ అని. ఆ అమ్మాయి అన్న ఆయ్‌లో మాత్రం, ఇలాంటివాళ్ళు వారానికిద్దరు వస్తారని కూడా ఉంది.

అక్కడితో ఊరుకుంటే అతను కృపారావు కాడు. కాకినాడలో చదివిన బి.ఎస్సీ. ఫిజిక్సు. వాళ్ళ వంశంలో డిగ్రీ సంగతి అటుంచి, వేలిముద్ర మానేసి సంతకం పెట్టడమే అతనితో మొదలు. ఇప్పుడు రాజోలు హైస్కూల్లో సైన్సు మేష్టారు. కాబట్టి ఎవరూ అడక్కపోయినా, గ్రిడ్ సర్క్యూట్‌లో ఆసిలేషన్ ఎందుకు ఆగిపోయి ఉంటుందో పది నిమిషాలు ఉపన్యసించాడు. ముక్కు చివర్నుంచి వాననీళ్ళు కారుతుండగా ఉపన్యసించాడు.

ఆమె శ్రద్ధగా విని, పెట్టె వెనక చెక్క విప్పి లోపలికి తొంగి చూసింది.

"మీరన్నది నిజమేనండి. తప్పు గ్రిడ్ సర్క్యూట్‌లోనే ఉంది. కుమ్మరి పురుగు ఇల్లు కట్టుకుంది."

తీగచుట్ట మధ్యలో, నున్నగా, గుప్పెడు మట్టిగూడు. పాఠ్యపుస్తకంలో ఏ బొమ్మలోనూ అది లేదు.

ఇంట్లోంచి నవ్వు వినపడింది. లాజరు గారు చెయ్యి తుడుచుకుంటూ, గోడ తడుముకుంటూ బయటికొచ్చారు. యుద్ధంలో సైన్యం వైర్‌లెస్ సెట్లు బాగుచేసిన మనిషి. బర్మా నుంచి తిరిగొచ్చేసరికి చూపు మసకబారింది. అప్పట్నుంచీ ఆ బల్ల దగ్గర విద్య ఆయనది, చేతులు కూతురు సరోజినివి.

"డాక్టరు దొరగారి అమెచ్యూర్ సెట్టు కదూ ఇది!" అన్నారాయన, పెట్టెను వేళ్ళతో చూసి. "ఇంట్లో కూచుని ఏ దేశంలోనో ఇంకో ఇంట్లో కూచున్నవాడితో కబుర్లాడేవారు. ఎక్కడిదండీ మీకు?"

కృపారావు చెప్పాడు. మిషను ఆస్పత్రి డాక్టరు గారు యుద్ధానికి ముందు తన చేత్తో కట్టుకున్న సెట్టు. యుద్ధం రాగానే సర్కారు వారు పట్టుకెళ్ళి గోదాములో పడేశారు. తిరిగొచ్చాక అది పలకలేదు. ఆయన తన సీమదేశం వెళ్ళిపోతూ, "నువ్వు బి.ఎస్సీ.వి, నువ్వు పలికించగలవు" అని కృపారావుకిచ్చి వెళ్ళారు. ఇది జరిగి పది నెలలు. తండ్రి బంగారయ్య ఆ మాట పేటంతా చెప్పేశాడు. రోజూ పొలం నుంచి రాగానే కాళ్ళైనా కడుక్కోకుండా అడుగుతాడు: "అబ్బాయా, సీమోళ్ళు పలికేరా?"

"మీరు విప్పి చూసేరాండీ?" అడిగింది సరోజిని.

"ఒకసారి విప్పేనండి."

"ఏమయింది?"

"షాక్ కొట్టింది."

"బ్యాటరీ తియ్యకుండా విప్పేరా?"

కృపారావు వాన వైపు చూశాడు.

"ఆయ్," అంది సరోజిని.

ఆ తర్వాత ప్రతి శనివారం బడి మధ్యాహ్నానికి వదిలేయగానే అతను పంటు ఎక్కాడు. పాత భాగాలు దొరకడం కష్టం. సైన్యం వాళ్ళు అమ్మేసిన సామానులోంచి లాజరు గారు ఒక వాల్వు ఏరి పెట్టారు. సరోజిని తీగచుట్టను విప్పి మళ్ళీ చుట్టింది. కృపారావు లెక్క పెట్టాడు. మూడుసార్లు లెక్క తప్పాడు. చుట్లు లెక్కపెట్టాల్సిన మనిషి చుట్టే వేళ్ళను చూస్తుంటే ఎవరికైనా తప్పుతుంది.

సెట్టు బాగైతే సరిపోదు. దాన్నుంచి కబురు పంపాలంటే లైసెన్సు కావాలి. లైసెన్సుకు చుక్కలూ గీతల మోర్సు కోడు పరీక్ష ప్యాసవ్వాలి. అదీ లాజరు గారే నేర్పారు. బల్లకు ఈ చివర ఒక మీట, ఆ చివర ఒక మీట, మధ్యలో బజరు. కృపారావు కొడితే ఆమె వినాలి, ఆమె కొడితే అతను వినాలి.

"చుక్కా గీతా ఎవరైనా వింటారండీ మేష్టారూ," అనేవారు లాజరు గారు. "ఎడం వినాలి. అక్షరానికీ అక్షరానికీ మధ్య ఆగుతుందే, అది. మీకు అదొక్కటే వినపడట్లేదు."

"ప్రయత్నిస్తున్నానండి."

"బి.ఎస్సీ.లో ఎడం గురించి చెప్పరేమో, నాన్నగారూ," అనేది సరోజిని.

అయిదో శనివారం సెట్టు పలికింది. ఎక్కడో సముద్రం మీద ఓడలోంచి ఒకాయన ఎవరికో గబగబా చుక్కలూ గీతలూ పంపుతున్నాడు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా కృపారావు కళ్ళు తడిశాయి. మరుక్షణమే దిగులు పట్టుకుంది. సెట్టు బాగయింది. ఇక రావడానికి కారణమేమిటి? చుక్కలూ గీతలూ నేర్చుకోవడానికి రావచ్చు కదా అన్న ఆలోచన ఆ బి.ఎస్సీ. బుర్రకు తట్టలేదు.

ఇంటికి తెచ్చిన సెట్టులో బంగారయ్య ఆ కూత విని పేటంతా చాటాడు. మళ్ళీ శనివారానికి సెట్టు మూగబోయింది. కృపారావు దాన్ని మళ్ళీ పంటెక్కించాడు.

సరోజిని చెక్క విప్పింది. ఒక తీగను రెండు వేళ్ళతో పైకెత్తింది.

"ఇది తెగిందాండీ?"

"తెగిందండి. బస్సు కుదుపులకి."

"తెగితే కొసలు పీచులా ఉంటాయండి. ఇది బ్లేడుతో కోసినట్టు సాపుగా ఉంది. మీ ఊరి బస్సులో బ్లేడున్నట్టుంది."

చెవులు ఎర్రబడటం పురుషులకు తగదని అతనెక్కడో చదివాడు. చదివి ఏం లాభం?

ఆమె మాటు వేసింది. ఈసారి నవ్వలేదు. తల ఎత్తకుండానే అంది: "వచ్చే ఆదివారం బెజవాడ నుంచి వాళ్ళొస్తున్నారండి, నన్ను చూసుకోడానికి. రైల్వేలో గుమాస్తా. ఇంకోసారి కోసినా మాటు వెయ్యడానికి నేనుంటానో ఉండనో."

లాజరు గారు పక్క గదిలో మంచం మీద పడుకుని ఉన్నారు. వాన మళ్ళీ మొదలైంది. కృపారావు నోరు తెరిచాడు. గాలి వచ్చింది. మాట రాలేదు. గ్రిడ్ సర్క్యూట్ మీద పది నిమిషాలు మాట్లాడగలిగిన నోరే అది.

చివరికి అతను మీట దగ్గరికి జరిగాడు. మాటలైతే పక్కగదిలోకి వినపడతాయి గానీ, బజరు కూతలో ఏముందో ఎవరికి తెలుస్తుంది? ఈ ఉపాయం తట్టినందుకు తనను తాను మెచ్చుకున్నాడు కూడా. ఇంగ్లీషు అక్షరాల్లో, తెలుగు మాట ఒక్కటి కొట్టాడు. పి. ఇ. ఎల్. ఎల్. ఐ. చివర ప్రశ్నార్థకం.

సరోజిని ఇనుము కింద పెట్టింది. కుంపట్లో బొగ్గు చిటపటమంది. తర్వాత ఆమె చెయ్యి రెండో మీట మీదికి వెళ్ళింది.

చుక్క, గీత, చుక్క, చుక్క.

ఎల్.

కృపారావు విన్నాడు. ఎల్. అంటే ఎళ్ళు. వాళ్ళ పేటలో అందరూ అనే మాటే. అండీ కూడా లేదు.

"వస్తానండి," అని లేచాడు. గొడుగు మర్చిపోయాడు. పెట్టె కూడా మర్చిపోయాడు. వానలోకి దిగి వీధి సగం నడిచేశాడు.

"మేష్టారూ!"

లాజరు గారు అరుగు చివర నిలబడి పిలుస్తున్నారు. వెనకాల సరోజిని, ముఖం చేతులతో కప్పుకుని.

"నా కూతురు ఆయ్ అంటే మీరు ఎళ్ళిపోతారేంటండీ?"

కృపారావు వెనక్కి తిరిగి రెండడుగులు వేశాడు. "ఆయ్... అందాండీ?"

"ఎ. ఐ. ఆయ్. చుక్కా గీతా, ఎడం, రెండు చుక్కలు. మీకెప్పుడు వినపడింది గనక ఎడం!"

"మరి మీరు... అదంతా..."

"నాలుగేళ్ళు తుపాకుల మోతలో విన్న చెవులండీ ఇవి! మీ బజరు వినపడదా?" అన్నారు లాజరు గారు. "ఇంకో సంగతి. మీరు కొట్టిన పెళ్ళిలో రెండో ఎల్లు దగ్గర చెయ్యి ఆగింది. అది ఎల్లు కాలేదు, ఎ, ఐ అయింది. అంటే అడగడంలోనే మీరు ఆయ్ అనేసుకున్నారు. మా అమ్మాయి ఆయ్ అంటే మీకు ఎల్లయింది. పోనీ, ఎల్లంటే లాజరు, నాన్ననడగమంటోందీ అనైనా తట్టలేదాండీ?"

తట్టలేదు. తట్టదు కూడా. అరుగు ఎక్కి, నీళ్ళోడుతూ, సరోజిని ముందు నిలబడ్డాడు.

"ఆయ్‌కి చివర వై అనుకున్నానండి," అన్నాడు నీరసంగా.

"వై బి.ఎస్సీ. వాళ్ళకండి. మాకు ఐ చాలు." ఆమె చేతులు దించింది. కళ్ళు నవ్వుతున్నాయి గానీ గొంతు నవ్వలేదు. "ఒక్క మాట అడగాలండి. మేష్టారి భార్య మాటు వేస్తే మీ బడివాళ్ళు నవ్వుతారు. నాన్నగారికి చేతులు నేనే. ఈ బల్ల వదల్లేను."

ఇన్నాళ్ళకు కృపారావు వెంటనే జవాబు చెప్పాడు.

"బల్ల రాజోలు పట్టుకెళ్దామండి. మాస్టారూ మనతోనే. నవ్వేవాళ్ళ రేడియోలు ఆఖర్న బాగుచేద్దాం."

"మరి మీరేం చేస్తారు?"

"బొగ్గులు ఊదుతానండి."

లాజరు గారు తడుముకుంటూ బల్ల దగ్గర కూచున్నారు. "అమ్మాయ్, ఓ కార్డు తే. బెజవాడ వాళ్ళకి రెండు ముక్కలు రాసి పడెయ్యాలి. కార్డు అందేలోపే వచ్చేస్తే కాఫీ ఇచ్చి నేనే చెప్పుకుంటా. మేష్టారూ, మీ నాన్నగారిని శనివారం తీసుకురండి."

బంగారయ్య శనివారం కొత్త తుండుగుడ్డ భుజాన వేసుకుని వచ్చాడు. కాబోయే కోడలి చేతులు చూశాడు, మాటు కాల్చిన మచ్చలు చూశాడు. "పనిచేసే చేతులమ్మా," అని ఆ రెండు చేతులూ తన కళ్ళకద్దుకున్నాడు. తర్వాత బల్ల మీద పెట్టె చూపించి అడిగాడు.

"అబ్బాయా, సీమోళ్ళు పలికేరా?"

"సీమోళ్ళ సంగతి తర్వాత నాన్నా," అన్నాడు కృపారావు. "అమలాపురం వాళ్ళు పలికేరు."

సరోజిని మీట మీద వేలు పెట్టింది. చుక్క, గీత. అతని ముఖంలోకి చూస్తూ, కావలసినదానికంటే చాలా ఎక్కువసేపు ఆగింది. అప్పుడు రెండు చుక్కలు.

ఈసారి అతనికి వినపడింది.