మా పెరటి దారి మీద కోర్టు కాగితంలో తప్పు

ఈ సంగతి నాకు మొదట చెప్పింది కోర్టు పంపిన సర్వేయరు. టేపు తిరగేసి పట్టుకునే రకం. మా పెరట్లో ముక్కుకి రుమాలు కట్టుకుని, "పెద్దాయనా, ఈ దారిలో రోజూ ఎవరో నడుస్తున్నారు" అన్నాడు.

ఆ దారి నా నేలలోది. వెనకింట్లో ఉండే నా తమ్ముడి భార్య రోడ్డెక్కాలంటే మా వంటింటి మెట్టు పక్కనుంచే వెళ్లాలి. ఓసారి నలుగురిలో నన్ను పిసినారి అంది. మర్నాడే గేటు పెట్టి తాళం వేశాను. ఆవిడకి గుండెనొప్పి వచ్చిన రోజు అంబులెన్సు గేటు బయటే ఆగింది. నేను తాళంచెవి వెతికేలోపే ప్రాణం పోయింది. దానికి నన్నేం చెయ్యమంటారు? ఆవిడ కూతురు నా మీద కేసు వేసింది. దారి వాడకంలో లేదని తేలితే గేటు ఉంటుంది. వాడకంలో ఉందని తేలితే పీకెయ్యాలి.

అందుకే ఎవరూ కాలు పెట్టకుండా కోళ్ల కొట్టు నుంచి పేగులు, ఈకలు తెప్పించి దారి పొడుగునా పోయించాను. పురుగులు పట్టాయి. ఆ కుళ్లులోనే వట్టి పాదాల గుర్తులు.

అదెవరో పట్టుకుందామని చీకటి పడేవేళ దారికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. నా భార్య వంటింటి తలుపు గడియ వేసుకుని, "లోపలికి రండి, మీకు దణ్ణం పెడతాను" అంటోంది.

"నోర్మూసుకో" అన్నాను.

ఈగల మోత ఆగిపోయింది. కంపు మాత్రం పెరిగింది... నోట్లోకి వచ్చింది... నాలుక మీద జిడ్డులా.

పిచిక్... పిచిక్...

మనిషి లేదు. పేగులు నలుగుతున్నాయి. ఒక్కో అడుగు. నా మోకాళ్ల ముందు ఆగింది.

"బావగారూ... కాస్త పక్కకి జరగండి."

ఇన్నేళ్లలో ఎవరికీ పక్కకి జరిగినవాణ్ణి కాను. జరిగాను.

గడియ తీసిన చప్పుడు లేదు. లోపల నా భార్య వాంతి చేసుకోవడం మాత్రం వినిపించింది.

తీర్పు నాకు ఎదురు తిరిగింది. గేటు పీకేశారు. కాగితం కూడబలుక్కుని చదివాను. 'ఈ దారిలో రోజూ రాకపోకలు ఉన్నాయి' అని రాశారు. అది శుద్ధ తప్పు. వెనకింటి నుంచి వచ్చిన అడుగులన్నీ మా వంటింటి మెట్టు దగ్గరే ఆగిపోయాయి. గేటుదాకా ఒక్కటి లేదు. వెనక్కి ఒక్కటి లేదు. నలభై రోజులుగా రోజూ వస్తున్నారు, ఒక్కసారీ బయటికి పోలేదు. అవి ఒకే మనిషి పాదాలు కూడా కావు. నేను కొలిచాను.

చదువుకున్నవాళ్లెవరైనా కోర్టుకి వెళ్లి ఆ ముక్క దిద్దించండి.