బట్టీలో చల్లారిన ఉలి

"మాల్యాద్రే సంపినాడంట! రామసుబ్బయ్య కణతలో ఉలి దించి సుత్తితో కొట్టినాడంట!"

వెంకటసుబ్బులమ్మ ఇది చూసి చెప్పలేదు. ఆడబిడ్డ చెబితే విన్నది. ఆడబిడ్డకు ఇంకెవరో చెప్పారు. ఆ ఆదివారం పొద్దుగూకేసరికి మార్కాపురమంతా కళ్లారా చూసినట్టే చెప్పుకుంది.

1958 మార్చి. అంతకుముందు సోమవారం సాయంత్రం నాలుగు గంటలకు పలకరాయి గనిలో మేస్త్రీ రామసుబ్బయ్య శవం దొరికింది. తల పగిలి మెదడు రాళ్లమీద చిందింది. ఆయన ఉలి మాత్రం మాయమైంది.

ఆదివారం అది కమ్మరి మాల్యాద్రి పాత ఇనుము కుప్పలో బయటపడింది. కాలి నల్లబడింది. నెత్తురు చుక్క లేదు.

"కొలిమిలో కాల్చి నెత్తురు పోగొట్టినాడు సార్," అన్నాడు హెడ్ కానిస్టేబుల్ కరుణాకరం. మాల్యాద్రిని లాకప్‌లో వేసి చితకబాదాడు. నేరం రుజువైతే ఉరి.

ఇన్‌స్పెక్టర్ కాశీవిశ్వనాథం ఉలి మొనను ఆకురాయితో గీశాడు. సులువుగా అరిగింది. ఇంత మెత్తగా ఎందుకుంది? ఎక్కడ చల్లారింది?

అదే ఉక్కుతో చేసిన నాలుగు ఉలులు తెప్పించాడు. మూడింటిని కొలిమిలో ఎర్రగా కాల్చాడు. ఒకదాన్ని నీళ్లలో ముంచాడు. ఒకదాన్ని గాలికి వదిలాడు. ఒకదాన్ని కొలిమి బూడిదలో పూడ్చాడు. నాలుగోదాన్ని గిద్దలూరులో ఒక సున్నపు బట్టీలో వేయించాడు. అన్నిటినీ, దొరికిన ఉలితో సహా, కాలేజీ లాబరేటరీకి పంపాడు.

రిపోర్టు వచ్చిన రోజు పది గంటలకు ఊళ్లో సున్నపు బట్టీ నడిపే పెద్దన్నను స్టేషన్‌కు పిలిపించాడు.

"మేస్త్రీ నిన్ను చెప్పుతో కొట్టాడట?"

"కొట్టినాడు. ఊరంతా చూసినారు. అయితే ఏంది?"

"బట్టీ ఎప్పుడు ముట్టించావు?"

"సోమవారం, దీపాలు పెట్టే యాళకు."

"తీసింది?"

"శనివారం. చల్లారొద్దా సార్?"

"మధ్యలో ఎవరైనా దగ్గరికి వచ్చారా?"

"ముట్టిచ్చినాక పరాయోళ్ల నీడ గూడా పడనీను. సున్నం చెడిపోతాది."

ఇన్‌స్పెక్టర్ ఉలిని బల్లమీద పెట్టాడు.

"కాలిన ఉక్కు చల్లారేటప్పుడు లోపల పొరలు పెరుగుతాయి, పలకరాయిలో ఉన్నట్టే. నీళ్లలో ముంచితే పొరలే పుట్టవు. గాలికైతే సన్నవి. బూడిదలో కాస్త మందం. మైక్రోస్కోప్‌లో ఈ ఉలి పొరలు వాటన్నిటికంటే మందం. బట్టీలో రోజుల తరబడి చల్లారినదానితోనే సరిపోయాయి. ఆ వారం మార్కాపురంలో ముట్టించిన బట్టీ నీదొక్కటే. ఎవర్నీ రానివ్వలేదని నువ్వే అన్నావు. నెత్తురు కాలిపోవాలని బట్టీలో వేసి, శనివారం తీశాక మాల్యాద్రి కుప్పలో పడేశావు."

పెద్దన్న ఉలి లాక్కుని ఇన్‌స్పెక్టర్ గొంతుమీదికి దూకాడు. కరుణాకరం లాఠీ అతని మణికట్టుమీద పడింది. రెండో దెబ్బకు పళ్లు రాలాయి.

"చెప్పుతో కొడితే ఊరుకుంటానా!" నేలమీద నెత్తురు ఉమ్మాడు.

మాల్యాద్రిని లాకప్ నుంచి బయటికి తెచ్చారు.

"నీ తప్పేం లేదని తేలింది. పోయి కొలిమి రాజేసుకో మాల్యాద్రీ," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

మాల్యాద్రి కుడిచెయ్యి ఎత్తాడు. నాలుగు వేళ్లూ చితికి వంకర తిరిగాయి. కరుణాకరం వైపు తిరిగాడు.

"సుత్తి ఎవరు పట్టాల? నువ్వా?"